ఫ్యాన్ వేయాలా, ఆపాలా

అలియాబాద్
మృగశిర కార్తె వచ్చిన వారం

తమ్ముడు మొగులయ్యకు, అక్క ఈదమ్మ రాస్తున్న జాబు.

ఒంట్లో బాగుందా? దగ్గు తగ్గిందా? ఆ గుట్ట మీద పాములు తిరుగుతాయని పోయినసారి రాశావు. అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. బూట్లు తొడుక్కుంటున్నావా లేదా, ముందు అది రాయి.

ఫోన్ చేయవచ్చు కదా అంటావు. చేసి ఏం లాభం? నీ మాట కన్నా గాలి మోతే ఎక్కువ వినిపిస్తుంది. చెవి దగ్గర ఎవరో చాటతో చెరుగుతున్నట్టు ఉంటుంది. నేను ఆఁ ఆఁ అని పెట్టేస్తాను. తరువాత నువ్వు ఏం చెప్పావో ఏమో అని నాలో నేనే పరేషాన్ అవుతాను. అందుకే ఐదో తరగతి చదువుతోనే రాస్తున్నాను. తప్పులుంటే సరిచేసి చదువుకో.

కుమార్ పని సంగతి నిన్ను అడగాలి. నా కొడుకు పోయాక ఈ ఇంటికి మనవడి జీతమే ఆధారమని నీకు తెలుసు. మేడ్చల్ ఐసు ఫ్యాక్టరీలో బాగానే కుదురుకున్నాడని అనుకున్నాను. మృగశిరకు పట్నమంతా చేపలు తింటుంది, ఐసుకు మస్తు గిరాకీ. అయినా వాణ్ణి పొద్దు గూకకముందే ఇంటికి పంపేస్తున్నారు. పని చేసిన మేరకే జీతం. నేను అడిగాను.

"ఏందిరా, ఐసు ఎవలు కొంటలేరా?"

"కొంటున్నరు అవ్వా. కరెంటే పిరమైంది. మా సేటు కరెంటు బజార్ల కొంటడు. పొద్దు గూకంగనే రేటు లేస్తది. మిషిన్లు బందువెట్టి మమ్ముల పొమ్మంటడు."

"కరెంటుకు బజారేందిరా?"

"ఉంటది తియ్. గాలిమరలు మంచిగ తిరిగితే రేటు దిగుతది. గాలి కాలం జోరుగ రాకుంటే సగం మందిని తీసేస్తనంటుండు."

ఆ మాట వినగానే నువ్వు గుర్తుకొచ్చావు. నువ్వు కాపలా కాసేది ఆ గాలిమరలనే కదా. అంటే నా తమ్ముడి తిండి, నా మనవడి తిండి, రెండూ గాలి మీదనే ఉన్నాయన్నమాట. మీ మరలు తిరుగుతున్నాయా? తిరగకపోతే ఎందుకు తిరగటం లేదు? ఎవరికైనా చెప్పి తిప్పించవచ్చా?

ఇంకొకటి. అందరూ ఫ్యాన్లు వేసుకుంటే గిరాకీ ఎక్కువై రేటు లేస్తుందని కుమార్ అన్నాడు. అందుకని నేను మన ఇంట్లో ఫ్యాన్ వేయనివ్వటం లేదు. కోడలు భవాని విసనకర్ర పట్టుకుని గొణుగుతోంది. "అత్తా, మన ఒక్క ఇంటి ఫ్యానుతోని దేశంల రేటు ఆగుతదా?" అంది. "ఆగదని నువ్వు చూసొచ్చినవా?" అన్నాను. మూతి తిప్పుకుని బయటికి పోయింది.

జల్దీ రాయి.

నీ అక్క ఈదమ్మ


గుట్ట మీద, అనంతపురం జిల్లా
జ్యేష్ఠం చివర

అక్కకు దండాలు.

దగ్గు తగ్గింది. బూట్లు తొడుక్కుంటున్నాను. పాములు నా కన్నా ముందే బెదిరి పోతున్నాయి.

మరలు తిరుగుతున్నాయి అక్కా. మొన్నటి నుంచి పడమటి గాలి ఎత్తుకుంది. రాత్రిళ్ళు నా గది రేకులు కొట్టుకుంటూనే ఉన్నాయి. మొదట్లో ఈ మోతకు తల పగిలేది. ఇంటామె పోయాక, స్తంభాలు ఎత్తే కాంట్రాక్టరు వెంట ఈ గుట్టకు వచ్చిన కొత్తలో చెవుల్లో దూది పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఇదే జోలపాట అయింది.

నువ్వు అడిగింది మా ఇంజనీరు శ్రీనివాసరావు గారిని అడిగాను. ఆయన నవ్వి, బండి మీద కూర్చుని చాలాసేపు చెప్పాడు. నాకు సగం అర్థమైంది. నీకు అందులో సగం అర్థమైతే చాలు.

రేపటి కరెంటును ఈరోజే అమ్ముతారట. అమ్మేవాళ్ళందరూ తమ ధర చెబుతారు. తక్కువ చెప్పినవాళ్ళను ముందు నిలబెడతారు, ఎక్కువ చెప్పినవాళ్ళను వెనుక. దేశానికి ఎంత కావాలో అంత నిండిన చోట వరస ఆపుతారు. ఆ చివరన నిలిచినవాడు చెప్పిన ధరే అందరికీ ఇస్తారు. బొగ్గువాళ్ళు బొగ్గు కొనాలి, కాబట్టి ఎక్కువ చెబుతారు. మాకు గాలి ఊరికే వస్తుంది, కాబట్టి తక్కువ చెప్పి ముందు నిలబడతాం. గాలి జోరుగా ఉంటే వరస మాతోనే సగం నిండుతుంది. వెనకాల ఉన్న పిరం బొగ్గువాడి దాకా పోవలసిన పని రాదు. ధర దిగుతుంది. మీ సేటు మిషన్లు నడుపుతాడు. కుమార్‌కు పని దొరుకుతుంది.

నువ్వు ఇంట్లో ఫ్యాన్ ఆపితే ఒరిగేదేమీ లేదు. భవానిని చెమటలో కూర్చోబెట్టకు. మరలను తిప్పటం నా చేతిలో లేదు. నేను గేటు తాళం మాత్రమే తిప్పుతాను.

తమ్ముడు మొగులయ్య


అలియాబాద్
ఆషాఢం, బోనాల రోజులు

తమ్ముడికి,

నీ జాబు చదివాను. భవానితో చదివించాను. మళ్ళీ నేనే చదివాను. ఇంకా అర్థం కాలేదు.

చివరివాడి ధర అందరికీ ఎందుకిస్తారు? మనం శామీర్‌పేట చెరువు కట్ట మీద చేపలు అమ్మిన రోజులు గుర్తున్నాయా? నేను గంపలో చిన్న చేపలు పెట్టుకుని తక్కువకు ఇచ్చేదాన్ని. పక్కన ఇమాంబీ పెద్ద కొరమీనులు పెట్టి ఎక్కువ చెప్పేది. ఆమె రేటు ఆమెది, నా రేటు నాది. మీ బజారు లెక్కన ఆమెకు వచ్చిన రేటే నాకూ ఇచ్చేవాళ్ళా? అట్లయితే అన్నేళ్ళు నేను గొంతు చించుకుని బేరం ఎందుకు ఆడాను? ఇమాంబీని అడిగితే, "నీకు గప్పుడే తక్కువ పడ్డదని ఇప్పుడు ఏడుస్తున్నవా?" అని నవ్వింది.

సరే, అర్థం కాకపోయినా మంచి జరిగింది. కుమార్‌కు పని దొరుకుతోంది. రాత్రి పనికి కూడా పిలుస్తున్నారు. గాలి ఉంటే రాత్రి కూడా రేటు చల్లగా ఉంటుందట. మొన్న ఇంటికి రవ్వలడ్లు తెచ్చాడు.

కానీ ఒక తప్పు జరిగింది. నేను రోజూ దండెం మీద చీర చూస్తున్నాను. అది ఎగిరితే గాలి ఉంది, పని ఉంది అని. పోయిన వారం చీర తెగ ఎగిరింది. దండెమే తెగుతుందనుకున్నాను. కుమార్‌కు ఆ రోజు సెలవు చెప్పినా, "పోరా, ఇయ్యాల పక్కా పనుంటది" అని తరిమాను. ఇమాంబీ మనవడు అమాన్ కూడా అక్కడే పని చేస్తాడు కదా, వాడికీ చెప్పాను. ఇద్దరూ మేడ్చల్ దాకా పోయి, గేటు దగ్గర నిలబడి, తిరిగొచ్చారు. ఇమాంబీ నా మీదికి వచ్చింది.

"నీ చీర మాట నమ్మి నా పోరడు పెట్రోలు కాల్చిండే. రేపటి సంది నీ చీర లోపట ఆరేసుకో."

ఇక్కడ అంత గాలి ఉంటే రేటు ఎందుకు దిగలేదు?

నీకు చెప్పని మాట కూడా ఒకటి ఉంది. గండిమైసమ్మ దగ్గరికి పోయి మొక్కాను. అమ్మా, గాలి జోరుగా ఇయ్యి, నా మనవడి పని నిలబెట్టు, నీకు బోనం ఎత్తుతాను అన్నాను. గాలి వచ్చింది కదా. ఇగ బోనం ఎత్తాలి. నువ్వు బతుకమ్మకు పంపే పుట్టింటి చీర కట్టుకునే ఎత్తుతాను.

ఫ్యాన్ ఇప్పటికీ ఆపే ఉంచాను. నువ్వు ఒరిగేది లేదన్నావు గాని, ఏమో.

అక్క


గుట్ట మీద
శ్రావణం

అక్కా,

నీ చీర ఎగిరిన గాలి కరెంటు చేయదు. మరలు ఉన్న చోట వీచాలి. మా గుట్టల మీద, తమిళనాడు వైపు, గుజరాత్ వైపు. ఆ రోజు ఇక్కడ ఆకు కదలలేదు. గాలి మీ ఊరికి వచ్చినట్టుంది, చుట్టపు చూపుగా.

ఈ నెలలో మాత్రం ఇక్కడ గాలి పిచ్చిగా ఉంది. నిలబడితే తోసేస్తోంది. కానీ ఒక వింత జరిగింది. అంత గాలిలో పై నుంచి ఫోన్ వచ్చింది, మరలు కొన్ని ఆపమని. కరెంటు ఎక్కువైతే తీగలు మోయలేవట. గాలి హోరెత్తుతుంటే రెక్కలు కదలకుండా నిలబడ్డాయి. ఇన్నేళ్ళలో నాకు అంత దిగులు ఎప్పుడూ కలగలేదు. ఆకలితో ఉన్నవాడి ముందు అన్నం పెట్టి చేతులు కట్టేసినట్టుంది.

శ్రీనివాసరావు గారు ఈమధ్య నవ్వటం లేదు. మా కంపెనీకి సర్కారుతో ఉన్న పాత ఒప్పందం గడువు తీరింది. అప్పుడు గాలి ఉన్నా లేకున్నా ఒకటే రేటు ఉండేది. ఇప్పుడు మేము కూడా ఆ రోజువారీ బజారులోనే అమ్ముకోవాలి. గాలి లేని రోజు రేటు బాగుంటుంది, మా దగ్గర సరుకు ఉండదు. గాలి ఉన్న రోజు సరుకు కుప్పలు, అందరి దగ్గరా కుప్పలే, రేటు పాతాళంలో. నీకు చేపలతో చెబితే అర్థమవుతుంది. చెరువు ఎండగట్టి అందరూ ఒక్కరోజే వలలు లాగితే మన గంప ఎవరు అడిగేవాళ్ళు? అదే ఇది.

ఖర్చులు తగ్గించాలని గేటు దగ్గర కెమెరాలు బిగిస్తున్నారు. నాకేమీ కాదులే. కెమెరా కుక్కలను తరమలేదు కదా.

మొగులయ్య


అలియాబాద్
శ్రావణ శుక్రవారం, పూజ అయ్యాక

తమ్మీ,

నీ జాబు చదివాను. చేపలతో చెప్పావు కదా, ఈసారి మొత్తం అర్థమైంది. అర్థం కాకపోతేనే బాగుండేది.

గాలి జోరుగా వస్తే రేటు దిగుతుంది, నా మనవడికి పని. అదే రేటు దిగితే నీ కంపెనీకి నష్టం, నీ గేటు దగ్గర కెమెరా. మరి నేను మొక్కింది ఎవరి కోసం? గాలి జోరుగా ఇయ్యి అని నోరారా అడిగాను. నా తమ్ముడు కూడా అదే గాలి మీద ఉన్నాడని తెలిసే అడిగాను. ఇద్దరికీ మంచిదే అనుకున్నాను. ఒక చేత్తో వాడికి వడ్డించి ఇంకో చేత్తో నీ విస్తరి లాగేశానా?

వెంటనే లేచి ఫ్యాన్ వేశాను. రెండు గదుల్లోనూ వేశాను. పట్టపగలు లైట్లు వేశాను. టీవీ పెట్టాను. గిరాకీ పెరిగితే రేటు లేస్తుంది కదా, నీకు కొంచెమైనా ఆసరా అవుతుందని. భవాని పొలం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అత్తా, ఇంట్ల ఎవలన్న పెండ్లా?"

"మీ మామ కోసం ఏసిన. రేటు లేవాలె."

"మొన్నటిదాంక కొడుక్కోసం నన్ను చెమటల ఉడకవెడితివి. ఇయ్యాల మామ కోసం సలితోని సంపుతవా? ఇద్దరి నడుమ నేనేం జేసిన?"

ఆమె చెప్పింది నిజమే. ఫ్యాన్ ఆపాను. ఆపగానే నువ్వు కళ్ళ ముందు కనిపించావు. మళ్ళీ వేశాను. కుమార్ వచ్చి చూసి, సగం స్పీడు మీద పెట్టి పోయాడు. ఇప్పుడది అట్లానే తిరుగుతోంది. ఎవరికి మంచో ఎవరికి చెడో తెలియకుండా.

కెమెరా సంగతి దాచకుండా రాయి. నా మీద ఒట్టు.

అక్క


గుట్ట
భాద్రపదం మొదట్లో

అక్కకు,

నేను క్షేమం. పని ఎప్పటిలాగే ఉంది. కెమెరాలు వచ్చాయి, పక్కన నేనూ ఉన్నాను. గాలి జోరుగానే ఉంది. నువ్వు ఊరికే బుర్ర పాడుచేసుకోకు. ఫ్యాన్ నీ ఇష్టం. ఈసారి చీర పంపటం కొంచెం ఆలస్యం కావచ్చు, ఏమీ అనుకోకు.

మొగులయ్య


అలియాబాద్
వినాయకుణ్ణి సాగనంపిన మరునాడు

మొగులీ,

నిన్న కుమార్ నీకు ఫోన్ కలిపి నా చెవి దగ్గర పెట్టాడు. నువ్వు "అక్కా, తిన్నవా?" అన్నావు. ఎంత చక్కగా వినిపించిందో. పక్క గదిలో ఉండి పిలిచినట్టుంది. తిన్నానని చెప్పాను, ఏం తిన్నానో చెప్పాను, నువ్వు నవ్వావు, ఆ నవ్వు కూడా వినిపించింది. ఫోన్ పెట్టాక సంతోషంతో ఇమాంబీ ఇంటికి పోయి, నా తమ్ముడి మాట మొదటి నుంచి చివరి దాకా విన్నానని చెప్పి వచ్చాను.

ఇంటికి వచ్చి బియ్యం ఏరుతుంటే చేతులు ఆగిపోయాయి.

గాలి మోత ఏదీ?

కుమార్‌ను అడిగాను. ఈ వారమంతా అక్కడ గాలి బాగుందట, అందుకే వాడికి రోజూ పని దొరుకుతోందట. గాలి ఉంది. మోత లేదు. అంటే నువ్వు గుట్ట మీద లేవు. పోయిన జాబులో కూడా ఎప్పుడూ రాసే పాముల మాట లేదు, శ్రీనివాసరావు మాట లేదు. నాలుగు వరసలు గీకి పంపావు.

ఎక్కడున్నావు? ఎక్కడ పడుకుంటున్నావు? ఎవరు వండి పెడుతున్నారు? నేను అడిగిన గాలి నిన్ను గుట్ట మీది నుంచి తోసేసిందా? నిజం రాయకపోతే కుమార్‌ను వెంటబెట్టుకుని నేనే బస్సెక్కుతాను. నాకు బస్సులో తల తిరుగుతుందని నీకు తెలుసు. అయినా ఎక్కుతాను.

అక్క


గుట్ట కింద, రోడ్డు పక్క
పితృపక్షం

అక్కా,

బస్సెక్కకు. రాస్తున్నాను.

శ్రావణం దాటగానే తీసేశారు. కాపలాకు ఇద్దరం ఉండేవాళ్ళం, ఒకడు చాలన్నారు. రెండోవాడు పడుచువాడు, వాణ్ణి ఉంచుకున్నారు. శ్రీనివాసరావు గారు నా ముఖం చూడలేక వేరే మనిషితో చెప్పించాడు. కిందికి దిగి రోడ్డు మీద ఛాయ్ కొట్టులో ఉన్నాను. గ్లాసులు కడుగుతాను, బల్ల మీద పడుకుంటాను. గుట్ట అడ్డం ఉండటం వల్ల ఇక్కడికి గాలి రాదు. అందుకే నీకు నా మాట వినిపించింది. పైన రెక్కలు తిరగటం కనిపిస్తుంది, మోత మాత్రం ఉండదు. అది లేక నిద్ర పట్టటం లేదు.

నీ మొక్కు వల్ల కాదు. నీ ఒక్క బోనానికి దేశం గాలంతా కదిలిందా? గాలి నన్ను ఏమీ అనలేదు. అది ఎప్పటిలాగే వచ్చింది, తన పని తాను చేసింది. అది ఎక్కువ వస్తే తక్కువకు అమ్ముడుపోయే ఏర్పాటు మనుషులు చేసుకున్నది. అది మంచిదో చెడ్డదో నాకు తెలియదు. కుమార్‌కు మంచిదైంది కదా, అంతవరకు సంతోషమే. ఈ మాట నిజంగానే రాస్తున్నాను.

నీకు చెప్పకపోవటానికి కారణం ఒకటే. చెబితే రమ్మంటావు. నేను పుట్టింటివాణ్ణి. నీకు చీర పెట్టవలసినవాణ్ణి. వచ్చి నీ గడపలో కూర్చుని, నీ మనవడి సంపాదన, నీ కోడలు వండింది తింటూ బతికితే, రేపు నీకు పుట్టిల్లు ఉందని ఎవరు అనుకుంటారు?

బోనానికి వస్తాను. అది తప్పదు. చీర లేకుండా వస్తాను. ఎత్తినరోజు ఉండి వెనక్కి పోతాను.

మొగులయ్య


అలియాబాద్
బతుకమ్మ ముందర

తమ్ముడు మొగులయ్యకు,

నీ జాబు చదివి ముందు ఏడ్చాను, తరువాత తిట్టాను, తరువాత భవానితో చదివించాను. ఆమె మధ్యలో ఆపేసి అంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను, నువ్వు ఆమెనే అడుగు.

"మామకు చెప్పు అత్తా. నా పెనిమిటి పోయిన నాడు ఊరోళ్ళందరు పొద్దుగూకంగనే పోయిన్రు. మామ నెలదాంక గడపల కూసుండె. గప్పుడు తిన్నది ఎవల అన్నం? గా లెక్క ఇప్పుడెందుకు? ఉండుమను. ఉత్తగ ఉండబుద్ధి గాకుంటే చెరువు కాడ వలలు అల్లుమను, చేపల సొసైటోళ్ళు మనుషుల కోసం తిరుగుతున్నరు."

నువ్వు వల అల్లటం మరచిపోయి ఉండవు. నాయిన నేర్పిందే కదా.

ఇక్కడ సంగతి ఇంకా తికమకగా ఉంది. గాలి కాలం వెళ్ళిపోతోంది. రేటు మళ్ళీ లేచిందట. కుమార్‌కు పని మళ్ళీ తగ్గింది, ఇట్లనే ఉంటే సూరారం పోయి వేరే ఫ్యాక్టరీలో చూసుకుంటానంటున్నాడు. రేటు లేచింది కాబట్టి నీ కంపెనీకి మంచి జరగాలి. కానీ వాళ్ళ దగ్గర గాలి లేదు, నువ్వూ లేవు. మరి ఇప్పుడు ఎవరికి మంచి జరుగుతోంది? నేను ఎంత ఆలోచించినా ఎవరూ దొరకటం లేదు. బొగ్గువాడేమో. వాడు మనకు చుట్టం కాదు.

గండిమైసమ్మ దగ్గరికి పోయి వచ్చాను. మొక్కు వెనక్కి తీసుకోవచ్చా అని కొబ్బరికాయలు అమ్మే ఆమెను అడిగాను. అమ్మ ఇచ్చింది కదా, ఎత్తాల్సిందే అంది. ఎత్తుతాను. కానీ ఈసారి గాలి ఇమ్మని అడగను, వద్దనీ అడగను. అడగటం నాకు రాదని తెలిసింది. నువ్వు ఎక్కిన బస్సు చక్కగా రావాలని మాత్రం అడుగుతాను. అందులో ఎవరికీ నష్టం లేదు కదా? ఉంటే రాయి.

చీర కోసం దిగులు పడకు. నువ్వు ముందు పంపిన ఆకుపచ్చ చీర ఉతికి దండెం మీద ఆరేశాను. అదే కట్టుకుని ఎత్తుతాను. అది ఊగుతోంది. ఎటు ఊగుతుందో నేను చూడలేదు.

నీ మంచం రెండో గదిలో ఫ్యాన్ కింద వేశాను. ఆ ఫ్యాన్ పాతది, తిరిగితే గరగర మోత చేస్తుంది. బాగుచేయిస్తానని కుమార్ అంటే వద్దన్నాను. పెద్ద మోత కాదు, మీ మరలంత రాదు. అయినా నీకు నిద్ర పట్టవచ్చు.

వేస్తే రేటు లేచి కుమార్‌కు ఇబ్బందేమో, ఆపితే నీకు నిద్ర రాదేమో, నాకేమీ తెలియటం లేదు. ఇప్పటికి ఆపే ఉంచాను. నువ్వు వచ్చి పడుకున్నాక వేస్తాను. రేటు సంగతి తెల్లారి చూసుకుందాం.

అక్క ఈదమ్మ